మన చంద్రయాన్ ఫొటోలో అమెరికా ‘ఈగల్’!

మొన్న ఆగస్టులో వరలక్ష్మీ వ్రతానికి ద్రాక్షారామం వెళ్లాను. హైదరాబాద్‌లో గౌతమి ఎక్కి, పొద్దున్నే కాకినాడలో దిగి, అక్కణ్నుంచి బస్సు. పిన్ని వాళ్లిల్లు భీమేశ్వరస్వామి గుడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. వెళ్లగానే పూర్ణాలు పెడతారనుకుంటే, ముందు పంచాయితీ పెట్టారు.

గొడవ దేని గురించో తెలుసా? ఆస్తి కాదు, పెళ్లి సంబంధం కాదు. మనిషి చంద్రుడి మీదకి వెళ్లాడా లేదా అని!

పిన్ని కొడుకు, అంటే నా తమ్ముడు, డిగ్రీ ఫైనలియర్. వాడికో రీల్స్ పేజీ ఉంది. ఎప్పుడూ కోనసీమ వంటలు, పడవలు, కొబ్బరి తోటలు పెట్టేవాడు. పెద్దగా ఎవరూ చూసేవారు కాదు. ఓ రోజు ‘1969లో అమెరికా ఆడిన అతిపెద్ద డ్రామా’ అని ఓ రీల్ వేశాడు. జెండా ఎగురుతోంది, ఆకాశంలో చుక్కల్లేవు, నీడలు వంకరగా ఉన్నాయి... మీరూ ఎక్కడో చూసే ఉంటారు, అవే ముక్కలు. వ్యూస్ లక్ష దాటేశాయి. వాడికి అంతకుముందు ఎప్పుడూ వెయ్యి దాటలేదు. ఇక ఆగుతాడా? పార్ట్ టూ, పార్ట్ త్రీ.

అక్కడితో అయిపోతే నేనూ నవ్వేసి ఊరుకునేదాన్నే. కానీ వాడి చెల్లెలు ఎనిమిదో తరగతి. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం కదా, బళ్లో ప్రాజెక్ట్ చెయ్యమన్నారు. అది ‘చంద్రుడిపై మనిషి’ అని చార్టు మొదలుపెట్టి, సగం బొమ్మ గీసి, అన్నయ్య రీల్ చూసి ఆపేసింది. “అబద్ధమంట కదక్కా, టీచర్ తిడతారు” అంటోంది. ఇంకా దారుణమేంటంటే, “చంద్రయాన్ కూడా గ్రాఫిక్సేనా?” అని అడిగింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకి విక్రమ్ దిగినప్పుడు ఇదే ఇంట్లో, ఇదే టీవీ ముందు గెంతులేసిన పిల్ల ఇది! ఇప్పుడు చార్టు వెనక్కి తిప్పి ‘వాననీటి సంరక్షణ’ అని రాసుకుంటోంది.

ఇంకొకాయన ఉన్నారు. తాతయ్య. 1969 జులై 21 పొద్దున పంచాయతీ రేడియో దగ్గర నిలబడి ఆ వార్త విన్న మనిషి. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది మన టైము ప్రకారం పొద్దున 8 గంటల 26 నిమిషాలకి. “చందమామని తొక్కేశారంటే మా అమ్మ ఏడ్చిందే. పున్నమికి దణ్ణం ఎలా పెట్టుకోవాలిరా ఇంక అంది” అని ఈ కథ మాకు వందసార్లు చెప్పి ఉంటారు. ఆ రీల్ చూసి ఆయన కోప్పడలేదు. “అయితే ఆ రేడియోవోడు అబద్ధమే చెప్పాడంటావా?” అని అడిగి, లేచి తోటలోకి వెళ్లిపోయారంట. పిన్ని చెప్పింది. నాకు అది గుచ్చుకుంది.

నిజం చెప్పాలంటే నాకు తమ్ముణ్ని తిట్టే హక్కు లేదు. 2019లో డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఆ జెండా వీడియో ఫార్వర్డ్ చేసినదాన్నే. జెండా పైన అడ్డంగా ఒక కడ్డీ ఉంటుందని, అందుకే గాలి లేకపోయినా విప్పుకుని నిలబడిందని నాకు తెలిసింది చాలా తర్వాత. ఈ అనుమానాల కథ ఇప్పటిది కాదు. బిల్ కేసింగ్ అనే అమెరికన్ 1976లోనే ‘మనం చంద్రుడి మీదకి వెళ్లనేలేదు’ అని ఓ పుస్తకం వేసుకున్నాడు. 2001లో అక్కడి ఫాక్స్ టీవీ ఓ ప్రోగ్రామ్ చేసి దాన్ని ప్రపంచమంతా తిప్పింది. మా వాడి రీల్‌లో ఉన్నవన్నీ ఆ పాత సరుకే, బీజీఎం మాత్రం కొత్తది.

జెండా, చుక్కలు, నీడలు... ఒక్కోదానికి ఒక్కో జవాబు చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది. అందుకే వాణ్ని ఒకటే అడిగాను. “ఒరేయ్, ఏం చూపిస్తే నమ్ముతావో నువ్వే చెప్పు.”

వాడు ఠక్కున అన్నాడు. “గూగుల్ మ్యాప్స్‌లో మన ఇల్లు కనబడుతోంది కదక్కా. అలాగే చంద్రుడి మీద వాళ్లు వదిలేసిన బండి ఫొటో చూపించు. పైనుంచి తీసింది. అంతే.”

అడిగింది సరైన ప్రశ్నే. ఒప్పుకోవాలి.

ఉప్పుగల్లు ఫొటో

ఇక్కడ నేనో పొరపాటు చేశాను. గబగబా వెతికి, 2009 నాటి ఫొటో తీసి చూపించాను. అమెరికా ఆ ఏడాది జూన్ 18న ఎల్‌ఆర్‌ఓ అనే ఉపగ్రహాన్ని పంపింది. చంద్రుడి చుట్టూ తిరుగుతూ నేలంతా ఫొటోలు తియ్యడం దాని పని. జులై 17న, అంటే అపోలో 11కి 40 ఏళ్లు నిండబోతుండగా, మనుషులు దిగిన చోట్ల తొలి ఫొటోలు బయటపెట్టారు. బూడిదరంగు నేల మీద చిన్న తెల్లటి చుక్క, దాని పక్కన ఓ నల్ల గీతలా నీడ. అది అపోలో 11 ల్యాండర్.

తమ్ముడు ఫోన్ లాక్కుని రెండు వేళ్లతో లాగి లాగి చూశాడు. “ఇదేంటక్కా? బురదలో ఉప్పుగల్లులా ఉంది!”

తాతయ్య కూడా కళ్లద్దాలు పైకి తోసుకుని చూసి, ఏమీ అనకుండా ఫోన్ తిరిగి ఇచ్చేశారు. చెల్లి మాత్రం జాలిగా నా వంక చూసింది. ఓడిపోయినట్టే అయింది నా పని.

రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే వాడిదీ తప్పు కాదనిపించింది. ‘సాక్ష్యం’ అని ఒక చుక్కని చూపించి నమ్మమంటే ఎవరు నమ్ముతారు? ఆ చుక్కని ఎలా చదవాలో ముందు చెప్పాలి కదా. మర్నాడు పొద్దున మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చంద్రుడి మీద కాదు, మా ఊళ్లోనే.

కొబ్బరిచెట్టుకి నీడే సాక్షి

ఫోన్‌లో ఉపగ్రహం ఫొటో తెరిచి తాతయ్య తోట వెతికాం. మీరూ మీ ఊరిది ఒకసారి తెరిచి చూడండి, ఇది చదువుతూనే. పైనుంచి చూస్తే కొబ్బరిచెట్టు ఎలా ఉంటుంది? ఆకుపచ్చ నక్షత్రంలా, అంతే. మాను కనబడదు. నలభై అడుగుల చెట్టో, నిన్న నాటిన మొక్కో పైనుంచి చెప్పలేం. మరి ఎలా తెలుస్తుంది? నేల మీద పడ్డ నీడ చూసి. పొడవాటి సన్నటి గీత, చివర ఆకుల గుబురు. చెట్టుకి నీడే సాక్షి. గుడి గాలిగోపురం కూడా అంతే, పైనుంచి ఒక పెట్టె. నీడ చూస్తేనే అంత ఎత్తు ఉందని తెలిసేది.

చంద్రుడి ఫొటోలు చదివేదీ ఇలాగే. ల్యాండర్ కాళ్ల చివర్ల మధ్య వెడల్పు సుమారు 9 మీటర్లు. ఎల్‌ఆర్‌ఓ మామూలుగా 50 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో ఒక్కో చుక్క అరమీటరు నేల. అంటే ల్యాండర్ మొత్తం పద్దెనిమిది, పంతొమ్మిది చుక్కల వెడల్పులో ఇమిడిపోతుంది. రాయి కూడా అలాగే కనబడొచ్చు కదా అంటారా? అనండి. కానీ పొద్దున తీసిన ఫొటోలో నీడ ఒక పక్క, సాయంత్రం తీసిన దాంట్లో ఇంకో పక్క పడుతుంది. ఒకే చోటిని వేర్వేరు ఎండల్లో మళ్లీ మళ్లీ తీశారు కాబట్టి ఆ వస్తువు ఎంత ఎత్తుందో, ఏ ఆకారంలో ఉందో ఆ నీడలే చెప్పేస్తాయి.

జెండాల సంగతీ ఇలాగే తేలింది. గుడ్డ పైనుంచి కనబడదు. కానీ 2012లో ఎల్‌ఆర్‌ఓ కెమెరా బృందం వరస ఫొటోలు పెట్టుకుని చూస్తే అపోలో 12, 16, 17 దిగిన చోట్ల జెండా నీడ కర్ర చుట్టూ తిరుగుతూ కనబడింది. అపోలో 11 దగ్గర మాత్రం లేదు. ఎందుకంటే, తిరిగి పైకి లేచేటప్పుడు ఇంజిన్ ధాటికి జెండా పడిపోవడం చూశానని బజ్ ఆల్డ్రిన్ ఎప్పుడో చెప్పాడు. ఆయన మాట అంతకుముందెప్పటిదో, ఫొటో 2012 నాటిది. రెండూ కలిశాయి.

“భూమ్మీంచి పేద్ద టెలిస్కోపుతో చూడొచ్చుగా?” అంది చెల్లి. చూడలేం. హబుల్ అద్దం వెడల్పు 2.4 మీటర్లు. అంత దూరంలో ఉన్న చంద్రుడి మీద సుమారు 90 మీటర్లకంటే చిన్నదాన్ని అది విడిగా చూపించలేదు. ఒక మీటరు వస్తువు ఇక్కణ్నుంచి కనబడాలంటే 200 మీటర్లకు పైగా వెడల్పున్న అద్దం కావాలి. అందుకే దగ్గరికి వెళ్లి తియ్యాల్సిందే.

తమ్ముడు అంతా విన్నాడు. విని, తన అసలు బాణం వేశాడు.

“బానే ఉందక్కా. కానీ వెళ్లామని చెప్పేది నాసా, ఫొటో తీసిందీ నాసా. దొంగే వచ్చి నా దగ్గర సీసీ కెమెరా ఫుటేజ్ ఉందంటే నువ్వు నమ్ముతావా?”

పక్కింటోడి సాక్ష్యం

ఈ ప్రశ్నకి జవాబు అమెరికాలో లేదు. శ్రీహరికోటలో ఉంది.

2019 జులై 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 వెళ్లింది. విక్రమ్ ల్యాండర్ సెప్టెంబర్ 7 తెల్లవారుజామున కూలిపోవడం మనందరికీ గుర్తుంది, ఆ రాత్రి నిద్రపోనివాళ్లు ఎంతమందో. కానీ ఆర్బిటర్ కూలలేదు. అది ఇంకా చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉంది. దాంట్లో ఓహెచ్‌ఆర్‌సీ అనే కెమెరా ఉంది. 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో చుక్క పావు మీటరు, అంటే మన జానెడు కంటే కాస్త ఎక్కువ. ఎల్‌ఆర్‌ఓ మామూలు ఫొటోల కంటే రెట్టింపు స్పష్టత.

2021లో ఆ కెమెరా అపోలో 11 దిగిన చోటి మీదుగా వెళ్తూ ఫొటో తీసింది. అందులో ‘ఈగల్’ కింది భాగం, దాని నీడతో సహా, ఉండాల్సిన చోటే ఉంది. (పై భాగంలో ఎక్కి ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ వెనక్కి వచ్చేశారు కాబట్టి కింది భాగమే అక్కడ మిగిలింది.) అపోలో 12 దిగిన చోటునీ ఇదే కెమెరా తీసింది.

ఈ ఫొటో చూపించినప్పుడు తమ్ముడు మొదటిసారి ఫోన్ లాక్కోలేదు. దగ్గరికి జరిగి చూశాడు. “ఇది మనోళ్లు తీసిందా?” అన్నాడు. మన రాకెట్, మన కెమెరా, మన శ్రీహరికోట.

అసలు మనవాళ్లు ఈ పని అంతకుముందే చేశారు. 2008 అక్టోబర్‌లో వెళ్లిన చంద్రయాన్-1 కెమెరాకి 5 మీటర్ల స్పష్టతే. ల్యాండర్ కనబడదు. కానీ రాకెట్ ఇంజిన్ మంట నేల మీది మెత్తటి దుమ్మును ఊదేస్తుంది కదా, అక్కడ నేల రంగు మారిపోతుంది. అపోలో 15 దిగిన చోట అలా చెదిరిన నేలని గుర్తించామని 2009లో ఇస్రో శాస్త్రవేత్త ప్రకాశ్ చౌహాన్ చెప్పారు. జపాన్ ఉపగ్రహం కగుయా కూడా 2008లో అదే చోట అదే మచ్చని చూసింది. అంటే అమెరికా ఎల్‌ఆర్‌ఓ ఇంకా నేల మీద ఉండగానే జపాన్ చూసేసిందన్నమాట.

ఇంతకీ ఆ మచ్చ అపోలో దుమ్మేనని ఎలా నమ్మాలి? ఇక్కడ హైదరాబాద్ వస్తుంది కథలోకి. తర్వాతి రోజుల్లో అదే ప్రకాశ్ చౌహాన్ హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీకి డైరెక్టర్ అయ్యారు. గోదావరికి వరదొస్తే ఏ లంక ఎంత మునిగిందో ఉపగ్రహం ఫొటోల్లో చూసి చెప్పే సంస్థ అదే. 2023లో చంద్రయాన్-3 దిగాక, దిగకముందు తీసిన ఓహెచ్‌ఆర్‌సీ ఫొటోని, దిగాక తీసిన ఫొటోని పక్కపక్కన పెట్టి అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. విక్రమ్ దిగినప్పుడు సుమారు 2.06 టన్నుల దుమ్ము లేచి 108.4 చదరపు మీటర్ల మేర చెదిరింది. మన కోనసీమ లెక్కలో చెప్పాలంటే రెండున్నర సెంట్లు దాటిన స్థలం.

తాతయ్యకి ఈ ముక్క బాగా పట్టుకుంది. “సెంట్లతో సహా కొలిచారా!” అన్నారు. ఏ లెక్కైనా సెంట్లలో చెబితేనే ఆయనకి నమ్మకం.

చూశారా, ఇందులో కిటుకు ఏంటో. చంద్రయాన్-3 దిగడం మనం చూశాం. దిగితే ఎలాంటి మచ్చ పడుతుందో ముందు ఫొటో, తర్వాత ఫొటో పెట్టి మనవాళ్లే కొలిచారు. అలాంటి మచ్చే అపోలో దిగిన చోట్లా ఉంది. పైగా 2023 ఆగస్టు 27న ఎల్‌ఆర్‌ఓ మన విక్రమ్‌ని ఫొటో తీస్తే దాని చుట్టూ కూడా తెల్లటి వలయం కనబడింది. వాళ్ల బండిని మన కెమెరా చూసింది, మన బండిని వాళ్ల కెమెరా చూసింది.

పొలం గట్టు తగాదాలో పెద్దమనుషులు ఎవరి మాట వింటారు? గట్టుకి ఇటు వాడిదీ కాదు, అటు వాడిదీ కాదు. అబద్ధం చెప్పినందువల్ల ఏమీ కలిసిరాని మూడోవాడిది. అబద్ధం పట్టుకుంటే లాభపడేవాడు కూడా ‘అవును, నిజమే’ అన్నాడనుకోండి, ఇక తిరుగులేదు. 1969లో ఆ మూడోవాడు సోవియట్ యూనియన్. ఈగల్ దిగిన సమయానికి వాళ్ల లూనా-15 కూడా చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. జులై 21న అది కూలిపోయింది. పోటీలో ఓడిపోతున్న దేశం, అమెరికా నాటకమాడుతుంటే ఊరుకుంటుందా? దండోరా వెయ్యదూ!

మన ఓటమిని చూపించిందీ అదే కెమెరా

తమ్ముడు అప్పటికీ పూర్తిగా దిగిరాలేదు. “దేశాలన్నీ కుమ్మక్కైతే?” అన్నాడు. సరే, అయ్యాయనుకుందాం. మరి చెన్నైలో కూర్చున్న ఓ ఇంజినీర్ కూడా కుమ్మక్కయ్యాడా?

షణ్ముగ సుబ్రమణియన్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2019లో విక్రమ్ కూలాక అది ఎక్కడ పడిందో తెలీలేదు. ఎల్‌ఆర్‌ఓ ఆ ప్రాంతం ఫొటో అందరికీ అందుబాటులో పెట్టింది. చెన్నైలో ఈయన, ఆఫీసు పని అయ్యాక రాత్రుళ్లు, పాత ఫొటోని కొత్త ఫొటోని లాప్‌టాప్‌లో పక్కపక్కన పెట్టుకుని చుక్క చుక్కా పోల్చాడు. అంతకుముందు లేని ఒక చిన్న తెల్ల చుక్క కనబడింది. నాసాకి మెయిల్ పెట్టాడు. వాళ్లు మళ్లీ ఫొటోలు తీసి చూసుకుని, డిసెంబర్ మొదటివారంలో ‘అవును, అది విక్రమ్ ముక్కే’ అని ఆయన పేరు పెట్టి మరీ ప్రకటించారు. అసలు కూలిన చోటికి ఆ ముక్క సుమారు 750 మీటర్ల దూరంలో ఉంది.

ఆలోచించండి. ఏ కెమెరా ‘డ్రామా’ అంటున్నామో అదే కెమెరా మన గుండె పగిలిన చోటుని కూడా చూపించింది. ఇజ్రాయెల్ బెరెషీట్ కూలిన చోటు, రష్యా లూనా-25 కూలినప్పుడు పడిన గొయ్యి, అన్నీ దాని ఫొటోల్లోనే దొరికాయి. గెలుపులు మాత్రమే చూపించే కెమెరా అయితే అనుమానించాల్సిందే. ఇది అలాంటిది కాదు.

ఇంకోటి. ఈ ఫొటోలు తాళం వేసి దాచినవి కావు. ఎల్‌ఆర్‌ఓ అసలు డేటా అందరికీ దొరుకుతుంది. చంద్రయాన్-2 డేటా ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో ఉంటుంది. లాగిన్ చేసుకుని దింపుకోవచ్చు. 2024 మార్చి 15న ఓహెచ్‌ఆర్‌సీ ఇంకా కిందికి, 65 కిలోమీటర్ల ఎత్తుకి దిగి తీసిన విక్రమ్, ప్రజ్ఞాన్ ఫొటోలని శుభ్రం చేసి లోకానికి చూపించింది కూడా ఏ సంస్థా కాదు, చంద్ర తుంగతుర్తి అనే స్వతంత్ర పరిశోధకుడు. ఆ ఫొటోలో ఒక్కో చుక్క 17 సెంటీమీటర్లు. రోవర్ కూడా కనబడుతుంది, స్కూల్ బెంచీ అంత కూడా లేని ఆ బుల్లి బండి!

ముప్పై మీటర్లు

ఇప్పుడు తమ్ముడు నిజంగా తెలివైన ప్రశ్న వేశాడు. అప్పటిదాకా ఎవరో చెప్పింది చెబుతున్నాడు, ఇది మాత్రం వాడి సొంతం. “సరే, బండి ఉంది. కానీ అది మనిషి లేకుండా కూడా వెళ్లొచ్చు కదక్కా. విక్రమ్ వెళ్లలా? బండి ఉందంటే మనిషి వెళ్లాడని ఎలా?”

కరెక్టే. బండి ఫొటో ఒక్కటే మనిషిని రుజువు చెయ్యదు. ఈ మాట ఒప్పుకోకుండా వాదించేవాళ్లంటే నాకూ చిరాకే. మనిషికి సాక్ష్యం బండి కాదు, బండి చుట్టూ ఉన్న కాలిబాట.

ఎల్‌ఆర్‌ఓ 2011లో కొన్నాళ్లు 21 కిలోమీటర్ల ఎత్తుకి దిగి తీసిన ఫొటోల్లో ల్యాండర్ దగ్గర్నుంచి పరికరాల దాకా, గోతుల దాకా నల్లటి సన్నటి గీతలు కనబడతాయి. మనుషులు నడిచిన దారులు. పొలానికి రోజూ నడిచే డొంక దారి పైనుంచి ఎలా ఉంటుందో అలా. రోవర్ తోలినచోట జంట గీతలు, నడిచినచోట ఒంటి గీత. రష్యా వాళ్ల మనిషిలేని బండి లునోఖోద్ జాడలూ ఎల్‌ఆర్‌ఓ ఫొటోల్లో ఉన్నాయి, అవి చక్రాల జాడలే, కాలిబాటలు లేవు. అపోలో 11 దగ్గర ఒక గీత విడిగా ఓ గొయ్యి వైపు, సుమారు 60 మీటర్లు వెళ్లి వెనక్కి వస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ చివర్లో గబగబా వెళ్లి ఫొటోలు తీసుకొచ్చిన గొయ్యి అదే.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైనది అపోలో 14 ఫొటో. 1971 ఫిబ్రవరిలో అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ కోన్ క్రేటర్ అనే పెద్ద గొయ్యి అంచు చూడాలని గుట్ట ఎక్కారు. పరికరాల తోపుడుబండి లాక్కుంటూ, రొప్పుతూ. అంతా ఒకేలా ఉన్న నేల, దూరం అంచనా తెలీదు. ఎక్కుతూనే ఉన్నారు, అంచు రావడం లేదు. టైము అయిపోతోంది, ఆక్సిజన్ లెక్క చూసుకోవాలి. ఎక్కడున్నామో తెలీకుండానే వెనక్కి తిరిగారు. ఓడిపోయామనుకున్నారు. 2009లో ఎల్‌ఆర్‌ఓ ఫొటోలో ఆ కాలిబాట గుట్ట ఎక్కి, ఒకచోట ఆగి, వెనక్కి తిరగడం కనబడింది. అంచు అక్కడికి సుమారు 30 మీటర్లు! ఇంకొక్క నిమిషం నడిచి ఉంటే కనబడేది.

ఇది చెబుతుంటే తమ్ముడు అడ్డం రాలేదు. “అయ్యో” అన్నాడు, అంతే. సినిమా తీసేవాడెవడైనా హీరోని అంచుకి 30 మీటర్ల దూరంలో ఆపి వెనక్కి పంపిస్తాడా? ఆ సంగతి అప్పుడు హీరోకే తెలీకుండా దాస్తాడా?

సాయంత్రం గుడికి వెళ్లాం. ద్రాక్షారామం గుడి రాళ్ల మీద వందల శాసనాలున్నాయి. చిన్నప్పుడు వాటి మీద చెయ్యి పెట్టి గీతలు లెక్కపెట్టుకునేవాళ్లం. చాళుక్య భీముడు కట్టించిన గుడి అంటారు. ఆయన్ని మనం చూళ్లేదు, ఫొటో లేదు, వీడియో అసలే లేదు. ఒక్క రాజు తన గురించి తనే చెక్కించుకున్న రాయి మాత్రమే ఉంటే నేనూ పెద్దగా నమ్మేదాన్ని కాదేమో. కానీ వేరే వేరే కాలాల్లో, ఒకరికొకరు తెలీని మనుషులు వచ్చి, భీమేశ్వరుడికి అఖండ దీపం కోసం ఇన్ని గొర్రెలిచ్చాం, ఇంత భూమిచ్చాం అని ఎవరి లెక్క వాళ్లు రాయించి పోయారు. గొర్రెల లెక్క రాయించినవాడికి చరిత్ర నిరూపించాలనే ఆలోచనే ఉండదు. అందుకే ఆ మాటకి అంత బలం. ఈ ముక్క తమ్ముడితో అందామనుకున్నాను గానీ, వాడు ఓ శాసనాన్ని ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నాడు. సరే, తీసుకోనీ అని ఊరుకున్నాను.

తాతయ్య గుడి అరుగు మీద కూర్చుని 1979లో స్కైలాబ్ పడుతుందని జనం ఎలా కంగారుపడ్డారో చెప్పారు. కొందరు ఎలాగూ చచ్చిపోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తినేశారట. “ఆకాశం మీంచి ఏదో వస్తుందంటే నమ్మారు గానీ, ఆకాశంలోకి మనిషెళ్లాడంటే నమ్మరేంట్రా” అని నవ్వారు.

ఆ రాత్రి తమ్ముడు పార్ట్ ఫోర్ వేశాడు. మన ఓహెచ్‌ఆర్‌సీ ఫొటో పెట్టి, ‘నేను చెప్పింది తప్పేమో, మీరే చూడండి’ అని. పాత రీల్స్ మాత్రం తియ్యలేదు. తీసెయ్యరా అంటే, “వ్యూస్ పోతాయక్కా” అన్నాడు నిజాయతీగా. పార్ట్ ఫోర్‌కి వచ్చిన వ్యూస్ పాత వాటిలో పదోవంతు కూడా లేవు. కింద కామెంట్లలో ‘ఇస్రో కూడా అమ్ముడుపోయింది’ అని ఒకరు, ‘నీకెంతిచ్చారు బ్రో’ అని ఇంకొకరు. వాడు మొహం మాడ్చుకుని ఒక్కోదానికీ జవాబు రాస్తూ కూర్చున్నాడు, ఒంటిగంట దాకా.

చెల్లి చార్టు మళ్లీ ముందుకి తిప్పింది. అయితే చంద్రుడి బొమ్మ ఒక్కటే చాలదంది. పొద్దున్నే తాతయ్యని వెంటబెట్టుకుని తోటలోకి వెళ్లి, టేపుతో కొబ్బరిచెట్టు నీడ కొలిచింది. పక్కన మూడడుగుల కర్ర పాతి దాని నీడా కొలిచింది. ఎంతకి ఎంతో లెక్కవేసి చెట్టు ఎత్తు తీసింది. తర్వాత ఫోన్‌లో అదే చెట్టు ఉపగ్రహం ఫొటో తెరిచి, అందులో నీడ కూడా కొలిచి, దాన్నుంచీ ఎత్తు తియ్యబోయింది. రెండూ కలవలేదు. సగానికి సగం తేడా.

“ఫొటో ఏ టైముకి తీశారో ఇందులో రాయలేదక్కా! ఎండ ఎటు ఉందో తెలీకుండా నీడని బట్టి ఎత్తెలా చెప్తాం?” అంది విసుగ్గా. ఎల్‌ఆర్‌ఓ ఫొటోలకైతే తీసిన రోజు, టైము, సూర్యుడి కోణం అన్నీ పక్కనే రాసి ఉంటాయని చెప్పాను. తెరిచి చూపించమంది. చూపించాను. చార్టు మీద కొబ్బరిచెట్టు పక్కన ఈగల్ ఫొటో అతికించి, ఆ అంకెలన్నీ దాని కింద స్కెచ్ పెన్‌తో ఎక్కించుకోవడం మొదలుపెట్టింది.